ఊయల, తిక్క, అణకువ

మార్చి 4

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. పోనీ, ఎవరు చూడొచ్చారు గనక. కుడి చెయ్యి గుడ్డ ఉయ్యాల్లో మెడకి వేలాడుతోంది.

అటక మీది సూట్‌కేసు దించబోయి కుర్చీ మీంచి పడ్డాను. ఆ సూట్‌కేసులో ఏముందయ్యా అంటే, ఇంకో సూట్‌కేసు. దాంట్లో ఏమీ లేదు. ఆయన ఈ మాట మందుల షాపువాడికి కూడా చెప్పి నవ్వుకున్నారు.

భుజం డాక్టరు ఎక్స్‌రే ఫిల్ముని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాడు. "ఏం చేస్తుంటారమ్మా?" అన్నాడు. "డ్రమ్ములు వాయిస్తాను" అన్నాను. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఏదో చెప్పాడు. ఈ డాక్టర్లంతా ఇంతే, బెదరగొడితే గానీ మనం మాట వినమని వాళ్ళ నమ్మకం. ఆరు వారాలు అని రాసుకుంటున్నాను.

ఇంటికొచ్చేసరికి వదిన హాల్లో కూర్చునుంది. ఆవిడ మా అన్నయ్యని చేసుకుని మా ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచీ ఆవిడ ఆడుతుంది, నేను వాయిస్తాను. ఆవిడ డాన్స్ స్కూలు పెట్టింది, నేను దాని డ్రమ్మునయ్యాను.

"హాలుకి కొత్త చెక్క నేల వేశారే అమ్మాయ్. మే మొదట్లో తెరుస్తారట. మొదటి ప్రోగ్రాం మనదే."

"నేనుంటాగా."

"ఉంటావులే, ముందు వరసలో. స్టూడియోవాళ్ళతో మాట్లాడాను, రికార్డింగ్ చేసిస్తామన్నారు."

"రికార్డింగా! మరి నా పీట మీద ఎవరు కూర్చుంటారు?"

"స్పీకరు పెడదాం."

వేదికకి ఎడమ పక్క, తెర లాగే తాడు దగ్గర, ఓ పాత చెక్క పీట ఉంటుంది. నాలుగు కాళ్ళలో ఒకటి పొట్టి. దాని మీద ఇన్నేళ్ళుగా నేను తప్ప ఒక్క మనిషీ కూర్చోలేదు. ఇప్పుడు స్పీకరు కూర్చుంటుందట! వదిన ఇచ్చిన బత్తాయిపళ్ళు తినకూడదనుకున్నాను. రెండు తిన్నాను.

మార్చి 9

కోడలు వచ్చింది. నాటకాల హాల్లో మైకులూ స్పీకర్లూ చూసుకునే ఉద్యోగం దానిది. మావాడు ఫోన్లో మాట్లాడితే మూడు ముక్కల్లో ముగిస్తాడు. ఇది వస్తే ఇల్లంతా వైర్లు, కబుర్లు.

సంచిలోంచి రొట్టెల డబ్బాంత పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. ముందువైపు ఎనిమిది మీటలు, వాటి పైన బోలెడు నాబ్‌లు.

"డ్రమ్ సింథ్ అత్తయ్యా. ఇందులో తోలూ లేదు, కర్రా లేదు. కరెంటుతోనే డ్రమ్ము శబ్దం పుట్టిస్తుంది. మీ వరస ఒకసారి నేర్పితే అదే వాయించుకుంటూ పోతుంది. ఎడమ చెయ్యి చూపుడు వేలొకటి చాలు."

"మీ పెద్దత్తయ్య రికార్డింగ్ కంటే ఇది వేరా?"

"రికార్డింగ్‌ని మీరు వాయించలేరు. దీన్ని వాయిస్తారు."

ఆ మాటతో పెట్టె నాకు నచ్చేసింది. పెద్ద డ్రమ్ముకో మీట, చిన్న డ్రమ్ముకో మీట, తాళానికో మీట. మా గిరికీల డాన్సుకి నేను వాయించే వరస నేర్పాను. ఎనిమిది దెబ్బలు, తొమ్మిదో దెబ్బకి అందరూ గిర్రున తిరగాలి. పెట్టె ఒక్కసారికే నేర్చేసుకుంది. వదిన దగ్గర నేర్చుకునేవాళ్ళలో అంత చురుకైనది ఒక్కతీ లేదు.

లయ మాత్రం దిట్టం. గడియారమే. అచ్చం నాలాగే.

మార్చి 14

రిహార్సల్.

ఎలా రాయాలో తెలియడం లేదు. డాన్సు క్లాసు గది, పన్నెండు మంది ఆడవాళ్ళు, కిటికీలన్నీ తీసి ఉన్నాయి. పెట్టెని కుర్చీలో పెట్టి, దాని పక్కన నేను మహారాణిలా కూర్చుని, మీట నొక్కాను. మొదటి ఎనిమిది దెబ్బలు బ్రహ్మాండం. గిరికీ దగ్గరికొచ్చేసరికి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. అందరిలోకీ పాత విద్యార్థిని పొడుగమ్మ వెళ్ళి బీరువాని కొట్టుకుంది. మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ బీరువా.

"ఇది చచ్చిన డ్రమ్ములా ఉందే" అంది వదిన. "ఊపిరి పీల్చదు."

"నేను వాయించే వరసే కదా! నా లయే కదా! గడియారం పెట్టి చూసుకో కావాలంటే!"

పన్నెండు మందీ నేల మీద ఏదో కనబడ్డట్టు ఒకేసారి కిందకి చూశారు. పొడుగమ్మ మోచెయ్యి రుద్దుకుంటూ కిటికీ వైపు తిరిగింది.

మార్చి 15

తప్పు వాళ్ళ కాళ్ళది.

మార్చి 20

కోడలికి బీరువా సంగతి చెప్పాను. నవ్వి నవ్వి సోఫాలో దొర్లింది. తర్వాత పెట్టెని వెనక్కి తిప్పి చూపించింది. వెనక వరసగా సాకెట్లు, ఒక్కో నాబ్‌కి ఒక్కోటి.

"ఈ సాకెట్లోకి బయటి నుంచి కరెంటు వస్తే, ముందున్న నాబ్‌ని ఎవరో తిప్పుతున్నట్టే. ఎక్కువొస్తే ఎక్కువ తిప్పినట్టు, తక్కువొస్తే తక్కువ. కనిపించని చెయ్యనుకోండి."

చెయ్యి అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నాకిప్పుడు తక్కువైంది అదే.

అగ్గిపెట్టెల్లాంటి చిన్న చిన్న మాడ్యూళ్ళు తెచ్చింది. ఒక్కోటి ఒక్క పనే చేస్తుంది. వాటి అసలు పేర్లు ఇంగ్లీషులో పొడిపొడి అక్షరాలు, అవి నా నోటికి పట్టవు. మొదటిది కరెంటుని మెల్లగా పెంచుతుంది, మెల్లగా తగ్గిస్తుంది, మళ్ళీ పెంచుతుంది. దానికి ఊయల అని పేరు పెట్టాను. రెండోది ఎప్పుడు ఎంత ఇస్తుందో దానికే తెలియదు, దెబ్బ దెబ్బకీ ఓ కొత్త లెక్క. అది తిక్క. మూడోదానికి ఒకే ఒక్క నాబ్. దానిలోకి ఎంత వచ్చినా తగ్గించి పంపుతుంది.

"ఇదేం మాడ్యూలే? తగ్గించడానికి ప్రత్యేకంగా డబ్బా ఎందుకు?"

"అన్నిట్లోకీ ముఖ్యమైంది అదే అత్తయ్యా."

సరే, అణకువ అన్నాను. మా వంశంలో లేనిది కాబట్టి బయట నుంచే తెచ్చుకోవాలి.

అణకువ లేకుండానే ఊయలని పెద్ద డ్రమ్ము శ్రుతి సాకెట్లో గుచ్చాను. డ్రమ్ము ఏడుపు లంకించుకుంది. ఊఁ అని పైకి, ఓఁ అని కిందకి. పక్కింటి కుక్క అందుకుంది. ఆయన స్నానాలగదిలోంచి సబ్బు నురగతో తొంగి చూసి, "ఎవరికేమైంది?" అన్నారు. కోడలు మధ్యలో అణకువ పెట్టి, నాబ్‌ని బాగా వెనక్కి తిప్పింది. ఏడుపు ఆగింది. డ్రమ్ము మాత్రం ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ రవ్వంత మారుతోంది. తోలు మీద చెయ్యి ఒకసారి మధ్యలో, ఒకసారి అంచున పడ్డట్టు.

కళ్ళు మూసుకుని విన్నాను. కుడి చేతి వేళ్ళు కట్టులోంచే కదిలాయి.

మార్చి 27

కొంచెం చేస్తేనే ఇంత బాగుంటే, ఇంకొంచెం చేస్తే ఇంకెంత బాగుంటుంది అనుకున్నాను. ఎవరైనా అంతే అనుకుంటారు. కోడలు ఊళ్ళో లేదు. తిక్కని తెచ్చి అన్నిట్లోకీ గుచ్చాను. శ్రుతిలోకి, బలంలోకి, తాళం మోత పొడుగులోకి. అణకువ నాబ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పేశాను. ఇంట్లో వింటే అద్భుతంగా ఉంది. ఆయన కూడా "చాలా... ఎక్కువగా ఉంది" అన్నారు.

రిహార్సల్లో మొదటి దెబ్బ గిన్నెల అలమర కూలినట్టు పడింది. రెండోది వినబడనే లేదు. మూడోది చప్పట్లలా, నాలుగోది గుర్రం తుమ్మినట్టు. ఎవరూ కాలు కదపలేదు. పొడుగమ్మ ముందుజాగ్రత్తగా బీరువాకి దూరంగా వెళ్ళి నిలబడింది.

వదిన కోప్పడి ఉంటే బాగుండేది. నా పక్కన కూర్చుని భుజం మీది శాలువా సర్దింది. "ఏప్రిల్ ఆఖరు ఆదివారం దాకా చూస్తాను. అప్పటికీ కుదరకపోతే రికార్డింగే. బయానా కూడా ఇచ్చేశాను. ఏమీ అనుకోకు."

ఏమీ అనుకోలేదు అన్నాను. దారంతా అనుకుంటూనే వచ్చాను. ఆ పీట మీద స్పీకరు కూర్చుంటే నేను ఆ హాలుకి వెళ్ళను. ఒట్టు. నాకు ఆట చూడ్డం రాదు. ముందు వరసలో ఒళ్ళో చేతులు పెట్టుకుని చూడ్డం నా వల్ల కాదు.

ఏప్రిల్ 2

భుజం చాలా నయం. కుడి చేత్తో కాఫీ కప్పు ఎత్తాను. ఆయన దించారు.

ఏప్రిల్ 6

బుర్రకి మంచి ఆలోచనే తట్టింది. ఊపిరి కావాలి, ఊపిరి కావాలి అంటోంది కదా వదిన. నా ఊపిరే పెట్టెకి నేర్పేస్తే సరి. పాత ప్రోగ్రాముల టేపులు కోడలి దగ్గర ఉన్నాయి. నేను వాయించింది ఒక స్పీకర్లో, పెట్టె వాయించేది ఇంకో స్పీకర్లో పెట్టి, రెంటికీ తేడా ఎక్కడుందో చూసి, అది మాడ్యూళ్ళతో సర్దేద్దాం అన్నాను.

రెండూ కలిసి మొదలయ్యాయి. ఎనిమిది దెబ్బలు ఒక్క దెబ్బలా వినబడ్డాయి. గర్వంగా ఆయన వైపు చూశాను. తొమ్మిదోది రెండుగా పడింది. ముందు పెట్టె, తర్వాత నేను.

"పెట్టె తొందరపడుతోందే" అన్నాను.

కోడలు మళ్ళీ పెట్టింది. అదే చోట. పెట్టెని గోడ గడియారంతో సరిచూసింది. పెట్టె సరిగ్గానే ఉంది. "టేపు సాగుంటుంది" అన్నాను. ఇంకో ఏడాది టేపు పెట్టింది. అదే చోట. ఇంకోటి. అదే చోట. ప్రతిసారీ గిరికీకి ముందు నేను ఆగుతున్నాను. ఆగి, అమ్మయ్య అనుకుని కొడుతున్నాను. ఆ పైన పోయిన వేళని తిరిగి అందుకోవడానికి పరిగెడుతున్నాను. నేను! లయ తప్పినందుకు ఎంతమందిని తిట్టానో!

కోడలు వైరు చుట్టుకుంటూ తల వంచుకుంది. నవ్వుతోందని వీపు చూస్తేనే తెలుస్తోంది.

"ఏమండీ, నేను లయ తప్పుతానా?"

ఆయన పేపరు మడిచారు. మళ్ళీ మడిచారు. ఇంక మడవడానికి వీల్లేనంత చిన్నదయ్యాక, "తప్పవు. ఆగుతావు" అన్నారు.

"మీకు ముందే తెలుసా!"

"పెళ్ళిచూపులకు ముందే తెలుసు. ఓ ప్రోగ్రాంలో నిన్ను చూశాగా. ఆ అమ్మాయి ఎందుకాగిందబ్బా అనుకున్నాను. అలా అనుకుంటూనే చేసేసుకున్నాను."

ఏప్రిల్ 7

ఇవాళ ఏమీ రాయను.

ఏప్రిల్ 8

ఆ టేపులన్నీ సాగే ఉంటాయి.

ఏప్రిల్ 10

వదినా వాళ్ళింటికి వెళ్ళాను. అన్నయ్య బట్టలు ఇస్త్రీ చేస్తున్నాడు. నన్ను చూడగానే ఇస్త్రీపెట్టె తీసుకుని లోపలి గదిలోకి జరుక్కున్నాడు. నా మొహం అలా ఉండి ఉంటుంది.

"నేను గిరికీ ముందు ఆగుతానట కదా" అన్నాను, గుమ్మంలోంచే.

వదిన చిక్కుళ్ళు ఒలుస్తోంది. చేతులు ఆగాయి. "ఇప్పుడా తెలిసింది నీకు!" అని పగలబడి నవ్వింది. కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ నవ్వింది.

"ఇన్నేళ్ళు చెప్పలేదేం?"

"చెప్తే మానేస్తావని భయం! అంతా దానిమీదే ఆడుతున్నాం. కొత్తగా చేరిన పిల్లలకి మొదటి రోజు ఏం చెప్తానో తెలుసా? లెక్కపెట్టుకోకండి, డ్రమ్మావిడ కుడి భుజం వైపు చూడండి, అది పైకి లేచి కిందకి దిగాక తిరగండి అని. పొడుగమ్మకీ అదే చెప్పాను. అందుకే మొన్న బీరువాని కొట్టుకుంది పాపం. నీ భుజమేమో కట్టేసుంది, పెట్టెకేమో భుజం లేదు."

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. కుర్చీలో కూలబడి చిక్కుళ్ళు అందుకున్నాను. ఒంటి చేత్తో ఒలవడం రాక గిన్నె బోర్లించాను.

"అసలు నేనెందుకు ఆగేదాన్నో తెలుసా?" అన్నాను కాసేపటికి. "నువ్వు కొత్తగా కాపరానికి వచ్చినప్పుడు గిరికీ తిరగడం నీకు సరిగ్గా రాదు. పడిపోతావేమోనని ఆగేదాన్ని."

"అబ్బ ఛా! నాకా రాదు? నువ్వు ఆగుతున్నావు కదా అని నేను మెల్లగా తిరగడం అలవాటు చేసుకున్నాను. చిన్నదానివి, అందరి ముందూ లయ తప్పిందంటే చిన్నబుచ్చుకుంటావని."

"నేనా? నీ కోసం ఆగింది నేను!"

"నీ కోసం ఆగింది నేనే!"

లోపల్నుంచి అన్నయ్య, "ఇద్దరూ ఆగండి, చొక్కా మాడుతోంది" అని అరిచాడు.

తేలలేదు. ఇద్దరం కింద పడ్డ చిక్కుళ్ళు ఏరుకున్నాం.

ఏప్రిల్ 13

ఇప్పుడు పని తెలిసింది. పెట్టెకి ఆగడం నేర్పాలి.

వెనక వేగం అని ఓ సాకెట్ ఉంది. ఊయలని అణకువ గుండా దాంట్లోకి గుచ్చాం. ఊయల కిందకి దిగినప్పుడు వేగం తగ్గుతుంది, పైకి లేస్తే మామూలవుతుంది. నాబ్‌ని కొద్ది కొద్దిగా తిప్పుతూ టేపులోని నా ఆగుడు ఎంతో అంత తెచ్చాం. మొదటి గిరికీ ముందు పెట్టె ఎంత బాగా ఆగిందంటే, ఆయన వంటింట్లోంచి "నువ్వే వాయిస్తున్నావా?" అని కేకేశారు.

రెండో గిరికీకి అది గిరికీ మధ్యలో ఆగింది. మూడోసారి ఆగాల్సిన చోటు దాటి ఎక్కడో ఆగింది. ఊయల తన మానాన తను ఊగుతోంది. డాన్సుతో దానికి పనిలేదు.

ఏప్రిల్ 17

అదే గొడవ. ఊయలని ఎంత మెల్లగా ఊపినా, ఎంత తొందరగా ఊపినా, నాలుగు వరసలు దాటేసరికి దారి తప్పుతోంది. కోడలు తల గోక్కుంటోంది. "ఎప్పుడు ఆగాలో దానికి ఎవరో ఒకరు చెప్పాలత్తయ్యా. చేత్తో చేద్దామంటే మీ ఎడమ చెయ్యి మీటల మీద ఉంటుంది, కుడి చెయ్యేమో..."

వాక్యం పూర్తి చెయ్యలేదు. మంచిపిల్ల.

భుజం బాగానే ఉంది. ఇవాళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, వెళ్ళలేదు. బస్సు కోసం ఎవరు నిలబడతారు.

ఏప్రిల్ 19

ఆదివారానికి ఇంక వారమే. టేపు పెట్టుకుని వింటూ కూర్చున్నాను, కోడలు బల్ల కింద పడ్డ మేకు కోసం వెతుకుతోంది. అక్కడే ఉండిపోయింది.

"దొరికిందా?"

"అత్తయ్యా, కదలకండి. అలాగే వినండి."

బల్ల కింద నా కుడి కాలు తాళం వేస్తోందట. నాకు తెలియనే తెలియదు. ఎనిమిది దెబ్బలకి ఎనిమిదిసార్లు మడమ కొడుతోంది. గిరికీ ముందు మడమ గాల్లోకి లేచి, అలా ఆగి, ఆ తర్వాత దిగుతోంది.

"భుజాన్ని కట్టేశారు కదా, ఆగడం కాలికి దిగిపోయింది!" అంటూ కోడలు బయటికొచ్చి, తలకి బల్ల తగిలినా పట్టించుకోకుండా చెప్పుల స్టాండు దగ్గరికి పరిగెత్తింది. ఆయన పాత తోలు చెప్పు తెచ్చింది. నా చెప్పు అడుగు పలచన, మడమ కింద చోటు చాలదు. ఆయన చెప్పు అడుగు కోసి, లోపల కాలింగ్ బెల్లు స్విచ్ పెట్టి, వైరు బయటికి లాగింది. ఆయన గుమ్మంలో నిలబడి, "అడిగే పనే లేదా ఈ ఇంట్లో?" అన్నారు. ఎవరూ అడగలేదు.

ఆ వైరు ఇంకో కొత్త మాడ్యూల్‌లోకి వెళుతుంది. అది దేన్నీ ఒక్కసారిగా మారనివ్వదు, జారుడుబల్ల మీంచి దించినట్టు మెల్లగా మారుస్తుంది. నునుపు అన్నాను. నునుపు నుంచి అణకువ, అణకువ నుంచి వేగం సాకెట్. మడమ లేపితే పెట్టె మెల్లగా నెమ్మదిస్తుంది. ఎంతసేపు లేపితే అంతసేపు. మడమ దించితే మళ్ళీ దారిలో పడుతుంది. ఊయలకి శ్రుతి పని ఒక్కటే మిగిల్చాం. తిక్కని కూడా బయటికి నెట్టలేదు, దెబ్బల బలం దగ్గర రవ్వంత చోటిచ్చాం. ఇంట్లో అందరూ ఉండాలి కదా.

చెప్పు తొడుక్కుని మొదలుపెట్టాను. మొదటిసారి తీగలు తారుమారుగా ఉన్నాయి, మడమ కింద పెడితే నెమ్మదిస్తోంది, లేపితే పరిగెడుతోంది. వరసంతా కాలు ఎత్తి వాయించేసరికి తొడ పట్టేసింది. కోడలు తీగలు మార్చింది.

ఆ తర్వాత పెట్టె ఆగింది. నేను ఆగినప్పుడు ఆగింది. టేపూ, పెట్టే, ఒకే దెబ్బ.

ఏడ్చాను. ఇక్కడ రాయడానికి సిగ్గెందుకు. బాగా ఏడ్చాను. కోడలు కూడా. ఆయన రెండో చెప్పు చేత్తో పట్టుకుని, దాన్ని ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయారు.

ఏప్రిల్ 26

ఆఖరు ఆదివారం. కొత్త నేల మీద రిహార్సల్, హాల్లోనే. చెక్క వాసన ఇంకా పోలేదు. పీట ఉన్న చోటే ఉంది. దాని మీద స్పీకరు ఉంది. దాన్ని దించమని అన్నయ్యకి చెప్పాను. దించాడు.

"ఆ కాలికి ఆ చెప్పేంటే!" అంది వదిన. "మనవాళ్ళ పరువు తీస్తావా? మీ ఆయన చెప్పులా ఉంది!"

"ఆయనదే. నువ్వు ఆడు."

ఆడింది. పన్నెండు మందీ ఆడారు. మొదటి గిరికీకి మడమ లేపాను, పెట్టె ఆగింది, పన్నెండు పరికిణీలు ఒకేసారి గిర్రున తిరిగాయి. పొడుగమ్మ తిరుగుతూ నాకేసి చూసి కళ్ళు పెద్దవి చేసింది. ఆట అయిపోయింది. వదిన నా దగ్గరికొచ్చి, స్టూడియోవాళ్ళు ఇచ్చిన రికార్డింగ్ సంచిలోంచి తీసింది. అది పెట్టిచ్చిన అట్టపెట్టెని నాలుగు మడతలు వేసి పీట పొట్టి కాలి కింద తోసింది. పీట మొదటిసారిగా కదలకుండా నిలబడింది.

మే 4

నిన్న ప్రోగ్రాం. నిన్న రాయడానికి ఓపిక లేదు. ఇవాళ పొద్దున్నే కూర్చున్నాను.

హాలు నిండింది. ఆయన, కోడలు, మావాడు రెండో వరసలో. అన్నయ్య తెర తాడు పట్టుకుని నా వెనక. పీట మీద నేను, ఒళ్ళో పెట్టె, కుడి చెయ్యి మెడలో, కుడి కాలికి ఆయన చెప్పు. అంతా సవ్యంగా సాగింది. ఆఖరి వరస దాకా.

ఆఖరి గిరికీ వదినది, ఒక్కతే ముందుకొచ్చి తిరుగుతుంది. ఎనిమిదో దెబ్బకి నేను మడమ లేపాను. వదిన తిరగడం మొదలుపెట్టింది, మధ్యలో మోకాలు పట్టేసింది. నాకు కనబడింది. జనానికి కనబడలేదు. ఆవిడ మొహంలో నవ్వు అలాగే ఉంది, పాదం మాత్రం నేల మీద వెతుక్కుంటోంది. పన్నెండు మందీ ఊపిరి బిగబట్టారు.

నేను మడమ దించలేదు. పెట్టె నెమ్మదించింది, ఇంకా నెమ్మదించింది. తొమ్మిదో దెబ్బ వస్తోందా రాదా అన్నట్టు దూరంగా ఉండిపోయింది. తొడ వణికింది. నా కళ్ళు ఆవిడ పాదం మీదే. ఆవిడ మెల్లగా, మెల్లగా మిగతా సగం తిరిగింది. పాదం నేల మీద ఆనింది. అప్పుడు దించాను. దెబ్బ పడింది.

చప్పట్లు. జనం అదంతా కావాలనే చేశామనుకున్నారు.

తెర పడగానే వదిన కుంటుకుంటూ వచ్చి నా పీట చివర ఇరుక్కుని కూర్చుంది. ఇద్దరికీ ఆయాసం, ఆడింది ఆవిడొక్కతే అయినా.

"అంతసేపు ఆగావేం?" అంది.

"నీ కోసమే."

"అబ్బ ఛా. నువ్వు ఆగుతావనే నేను మెల్లగా తిరిగాను."

ఈసారి వాదించకుండా కాస్త జరిగి చోటిచ్చాను. ఆవిడ కుడి చేత్తో నా ఎడమ చెయ్యి పట్టుకుంది. తర్వాత, కిందకి చూడకుండా, పీట కాలి కిందున్న అట్టని కాలి వేలితో ఇంకాస్త లోపలికి తోసి, "రికార్డింగ్ అయితే ఆగేదా చెప్పు" అంది.

పొడుగమ్మ వచ్చి, "ఎప్పట్లాగే ఆగారండీ" అంది. ఇంతకన్నా పెద్ద మెచ్చుకోలు నాకు వద్దు.

ఇవాళ డాక్టరు దగ్గరికి వెళతాను. మొదటి రోజు అతను ఏమన్నాడో నాకు తెలుసు. ఏడాదన్నాడు. ఏడాదికి కూడా పాత బలం వస్తుందని చెప్పలేను అన్నాడు. ఆరు వారాలని రాసుకున్నది నేను. సరే, ఏడాదే కానీ. పీట ఉంది, మడమ ఉంది, దసరా సెలవుల్లోనో ఎప్పుడో ఇంకో కొత్త మాడ్యూల్ తెస్తానని కోడలు అప్పుడే బేరం పెట్టింది.

ఆయన గుమ్మం దగ్గర నిలబడి పిలుస్తున్నారు. డాక్టరు దగ్గరికి వేళవుతోందట, చెప్పు ఇస్తే ఆయన కూడా వస్తారట. ఇవ్వను. ఆగమన్నాను.